ఐపీ ఆయనది, కారు ఆవిడది

ఆవిడ అసలు పేరు లైసెన్సు మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. కారు నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు మొదటిరోజు 'మేడమ్' అంటారు. కాస్త చనువు వచ్చాక 'అక్కా' అంటారు. ఇంతలో ఒకరోజు ఎదురుగా గోడ వస్తుంది. బ్రేకు అనుకుని ఇంకోటి తొక్కి కళ్ళు మూసుకుంటారు. తెరిచి చూస్తే బండి గోడకు జానెడు దూరంలో ఆగి ఉంటుంది. ఆ రోజు నుంచి ఆవిడ 'బ్రేకమ్మ'. నేర్పే కార్లలో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు బిగించి ఉంటుంది. ఆవిడ కాలు ఎప్పుడూ దానిమీదే. మనిషి మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ, ఉల్లిపాయల ధర గురించి మాట్లాడుతూ ఉంటుంది.

కోప్పడటం ఆవిడకు చేతకాదు. "పర్లేదండీ, గోడ ఎక్కడికీ పోదు. మళ్ళీ వద్దాం," అంటుంది.

మొదట్లో ఒక డ్రైవింగ్ స్కూల్లో ఫోన్లు ఎత్తే ఉద్యోగం ఆవిడది. అక్కడి మాస్టార్లు ఆడవాళ్ళకు నేర్పేటప్పుడు అరిచే అరుపులు గదిలోకి వినబడేవి. ఏడుపు మొహంతో దిగినవాళ్ళకు మంచినీళ్ళు ఇచ్చి కూర్చోబెట్టి, 'క్లచ్చి అంటే ఇదమ్మా' అని రెండు అట్టముక్కలు ఒకదానికొకటి ఆనించి చూపించేది. కొన్నాళ్ళకు మాస్టార్ల కంటే అట్టముక్కలకే గిరాకీ ఎక్కువైంది. యజమాని వయసు మళ్ళి స్కూలు మూసేస్తూ, ఒక ముసలి కారును వాయిదాల మీద ఆవిడ చేతిలో పెట్టాడు. అలా మొదలైంది స్కూలు. మందుల షాపుకీ సైకిళ్ళ కొట్టుకీ మధ్య ఒక చిన్న గది, గోడ నిండా రోడ్డు గుర్తుల బొమ్మలు, బల్లమీద నిలువునా కోసిన పాత గేరుబాక్సు.

ఆవిడ భర్తను ఊరంతా 'ఫ్లెక్సీ' అంటుంది. బ్యానర్లు ముద్రించే షాపు ఆయనది. పుట్టినరోజుల నుంచి షాపు ప్రారంభాల దాకా, ఎవరికి ఏ సంతోషం వచ్చినా అది ఆయన దగ్గర నిలువెత్తు బొమ్మగా మారి వీధికెక్కాల్సిందే. మనిషి మంచివాడు, చెయ్యి తిరిగినవాడు. ఒక్కటే జబ్బు. ఖాళీ జాగా చూస్తే ఊరుకోలేడు. ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద కొండలు, జలపాతం. బాత్రూమ్ తలుపు మీద పులి. అది చూసి చుట్టాల పిల్లలు 'స్నానానికి వెళ్ళం' అని ఏడ్చేవాళ్ళు.

"ఏమండీ, నేను రెండు నిమిషాలు కదలకుండా నిలబడితే నా వీపు మీద కూడా అంటిస్తారు మీరు," అనేది ఆవిడ.

"నీ వీపు సైజుకి రేటు ఎక్కువ," అనేవాడాయన.

ముసలి కారు గేర్లు అరిగిపోయి, రోడ్డు మధ్యలో మొరాయించడం మొదలుపెట్టాక కొత్తది కొనక తప్పలేదు. ఆయన కొంత సర్దుతానన్నాడు. "మీ డబ్బులు మీ షాపుకి పెట్టుకోండి, నా బండి నేను కొనుక్కుంటా," అంది ఆవిడ. ఆవిడ డబ్బు కూడబెట్టిన లాంటి తీరు ఇంకెక్కడా వినలేదు నేను. నేర్చుకోవడానికి పేరు ఇచ్చినవాళ్ళనీ, ఇస్తామని ఏళ్ళతరబడి వాయిదా వేస్తున్నవాళ్ళనీ పిలిచి, "ఫీజు మొత్తం ముందే ఇస్తారా? కారు కొన్నాక నేర్పుతా. నేర్పలేకపోతే ఆ కారులో మీరిచ్చిన డబ్బుకి వచ్చే ముక్క మీరు విప్పుకుపోండి," అంది. నవ్వారు, ఇచ్చారు. నర్సులు, టీచర్లు, పదవీ విరమణ చేసిన పోస్ట్‌మ్యాన్, ఇంట్లో చెప్పకుండా నేర్చుకోవాలనుకునే కోడళ్ళు, అందరూ చేతికే ఇచ్చారు. ఆవిడ తీసుకెళ్ళి బ్యాంకులో వేసింది. తెల్లటి కారు వచ్చింది.

తెల్లటి కారు. అంటే నాలుగు తలుపులూ ఖాళీ.

ఒక ఆదివారం ఆవిడ నిద్ర లేచి చూసేసరికి తలుపుల మీద ఎర్రటి పెద్ద అక్షరాల్లో భర్త షాపు పేరు, ఫోన్ నంబరు, దాని కింద 'మా సంస్థ వాహనం' అని ఉన్నాయి. అన్నిటికంటే కింద, చక్రం దగ్గర, చీమలంత అక్షరాల్లో 'డ్రైవింగ్ నేర్పబడును.'

"నా వంతుగా," అన్నాడాయన, చేతులకు అంటుకున్న జిగురు గోక్కుంటూ. "ఫ్రీగా."

"'మా సంస్థ వాహనం' ఏంటండీ?"

"అన్ని బండ్లకీ అదే వేస్తామే. డిజైన్‌లో ముందే ఉంటుంది. బాగుంది కదా?"

ప్రేమగా చేసిన పని. పీకించడానికి ఆవిడకు మనసు రాలేదు. దాని ఖరీదు తర్వాత తెలిసొచ్చింది.

ఆయన వ్యాపారం మునిగిన కథలో దొంగతనం లేదు, తాగుడు లేదు. ఊళ్ళో గిరాకీ చూసి గది అంత పెద్ద ముద్రణ యంత్రం బ్యాంకు లోను మీద తెచ్చాడు. ఆ లోనుకి ఆవిడ ష్యూరిటీ సంతకం పెట్టింది. యంత్రం వచ్చి కుదురుకునే లోపే వీధుల్లో బ్యానర్లు కట్టకూడదని నగరపాలక సంస్థ ఆంక్ష పెట్టింది. పెద్ద షాపులవాళ్ళు కరెంటు తెరలకు మారిపోయారు. ముద్రించి ఇచ్చినవాటికి డబ్బులు రాలేదు. 'మీ బ్యానరు పీకేశారు కదా, ఇంక దేనికి కట్టాలి?' అన్నవాళ్ళూ ఉన్నారు. అరువు మీద ఇంకు, బ్యానర్లకు వాడే వినైలు పోసిన ఇంకు షావుకారుకే అందరికంటే ఎక్కువ బాకీ. ఆ షావుకారు రోజూ సాయంత్రం ఫ్లెక్సీ షాపు ముందు స్టూలు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. తిట్టేవాడు కాదు. ఊరికే కూర్చునేవాడు. ఫ్లెక్సీకి అదే ఎక్కువ బాధ.

"ఐపీ పెట్టేయరాదూ," అన్నారు తెలిసినవాళ్ళు. ఐపీ పెట్టడం అంటే తీర్చలేనని కోర్టుకి చెప్పుకుని, ఉన్నది అప్పగించి, మిగతా బాకీల నుంచి బయటపడటం. ఫ్లెక్సీ అడ్డంగా తల ఊపేవాడు. తిండి తగ్గించేశాడు. వెనకవైపు తలుపు తీసుకుని షాపులోకి వెళ్ళేవాడు. ఎందుకు పెట్టనంటున్నాడో భార్యకు చాలా రోజుల దాకా చెప్పలేదు. చివరికి ఒకరోజు అన్నం ముందు కూర్చుని, "నేను పెడితే నువ్వూ పెట్టాలట," అన్నాడు.

"ఎవరన్నారు?"

"షావుకారుగారు. ఇద్దరూ మునగాల్సిందేనట. నీ కారు పోతుంది, నీ స్కూలు పోతుంది. దివాలా తీసిన ఆవిడ దగ్గర ఎవరు నేర్చుకుంటారే? నన్ను ఇలాగే ఉండనీ. ఎలాగో లాగుతా."

"ఎలాగో ఏంటండీ? రెండు నెలలుగా మీరు లాగుతున్నది ఊపిరి ఒక్కటే."

అప్పుడే ఫ్లెక్సీ అక్కగారు వచ్చింది. తమ్ముడంటే ప్రాణం. మరదలంటే, ఆ రోజును బట్టి. విషయం విని బుగ్గలు నొక్కుకుంది.

"పెళ్ళాం పెట్టకుండా మొగుడు ఒక్కడే ఐపీ ఎలా పెడతాడమ్మాయ్? వాడు మునుగుతుంటే నువ్వు ఒడ్డున నిలబడి జుట్టు ఆరబెట్టుకుంటావా?"

"ఒడ్డున ఒకళ్ళు ఉంటేనే కదా వదినగారూ, చెయ్యి అందించేది? ఇద్దరం మునిగితే మీరు దూకుతారా?"

"నాకు ఈత రాదు."

"మరి నా జుట్టు జోలికి రాకండి."

మాట అయితే అనేసింది కానీ, ఒక్కరే పెట్టవచ్చో లేదో ఆవిడకూ తెలియదు. ఆ వారం ఆవిడ దగ్గర కారు నేర్చుకుంటున్నవాళ్ళలో ఒక లాయరు ఉంది. కోర్టులో జడ్జీని నిలదీయగలదు గానీ నాలుగు రోడ్ల కూడలి అంటే ఆ అమ్మాయికి చెమటలు పడతాయి. మర్నాడు సందు మలుపులో బ్రేకమ్మ గొంతు సవరించుకుంది.

"సగం క్లచ్చి పట్టండి లాయరమ్మా. ఒక మాట అడగనా?"

"అడగండి. కానీ నేను మీ వైపు చూడను."

"చూడద్దు. మొగుడు ఐపీ పెడితే పెళ్ళాం కూడా పెట్టాలా?"

కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

"ఎవరండీ చెప్పారు?"

"ఊరు."

"ఊరు ఏ కాలేజీలో చదివిందట? ఐపీ పెట్టేది మనిషి అక్కా, సంసారం కాదు. ఆయన తీర్చలేకపోతే ఆయన ఒక్కరే పెట్టుకోవచ్చు. మీ సంతకం అక్కర్లేదు."

"తాళం తిప్పండి. గేరు తీసి తిప్పండి. మరి నా పేరు చెడదా?"

"మీ పేరు మీది. కానీ..."

"వెనక లారీ వస్తోంది, అద్దం చూసుకోండి. ఆ కానీ ఏంటి?"

"మీరెక్కడైనా సంతకం పెట్టారా?"

"పెద్ద మిషన్ లోనుకి. ష్యూరిటీ."

"అయితే అది మీ మెడకే. ఆయన ఐపీతో ఆయన బయటపడతారు, మీరు బయటపడరు. బ్యాంకువాళ్ళు మిషన్ పట్టుకెళ్ళి అమ్ముకుని, తక్కువ పడింది మిమ్మల్ని అడుగుతారు. ఇంకు, వినైలు, ఇనుప ఫ్రేములు ఇచ్చినవాళ్ళకి మాత్రం మిమ్మల్ని అడిగే హక్కు లేదు."

"కారు?"

"మీ డబ్బుతో మీరు కొనుక్కున్నదైతే మీదే. ఆయన డబ్బుతో కొని మీ పేరున పెట్టినదైతే లాక్కుంటారు. అది గట్టిగా చూస్తారు. అందరూ చేసే పని అదేగా. ఇంట్లోకి మీరెంత తెస్తున్నారో కూడా చెప్పాలి, దాచకూడదు. అయ్యో, సిగ్నల్ దాటేశానా?"

"ఎర్రది పడకముందే దాటారు. పచ్చటి మాట చెప్పారు కదా, ఆ ఊపులో నేనే బ్రేకు వెయ్యలేదు," అంది ఆవిడ.

లెక్క వేసుకుంది. మిషన్ లోను తాలూకు మిగిలింది నెలనెలా కట్టగలదు, కారు ఉంటే. కారు పోతే పాఠాలు పోతాయి, పాఠాలు పోతే ఆ లోను కట్టలేదు, కట్టలేకపోతే ఆయన వెనకే తనూ ఐపీ పెట్టాలి. మొత్తం సంసారం ఆ నాలుగు చక్రాల మీద నిలబడి ఉంది.

ఇంటికెళ్ళి భర్తతో ఒకటే అంది. "మీరు మునగండి. నేను ఒడ్డునే ఉంటా."

ఆయన కంచం దగ్గరికి లాక్కుని, చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడు.

లాయరమ్మే పిటిషన్ వేసింది. షాపు తాళాలు అప్పగించారు. ఎవరి పిటిషన్ వాళ్ళదే అనే దాంట్లో కోర్టుకి ఏ సందేహమూ రాలేదు. సందేహం వచ్చింది ఇంకు షావుకారుకి.

"పాత ఎత్తే ఇది," అని అభ్యంతరం వేశాడు. "ఆస్తి పెళ్ళాం పేరున పెట్టడం, మొగుడు చేతులెత్తేయడం. ఆ కారు షాపుదే. కావాలంటే తలుపులు చూడండి!" తలుపుల ఫొటోలు జతపరిచాడు. ఎర్రటి పెద్ద అక్షరాలు. 'మా సంస్థ వాహనం.' పైగా ఆ కారు డిక్కీలో వినైలు చుట్టలు వెళ్ళడం తన కళ్ళతో చూశానన్నాడు. అదీ నిజమే. ఆవిడ ఎన్నోసార్లు దింపిపెట్టింది.

ఫ్లెక్సీ ఫొటో కాపీ చేతిలో పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. జీవితంలో వేలమందికి ప్రచారం చేసి పెట్టాడు. ఒక్కటీ ఇంత బాగా పనిచెయ్యలేదు.

"నా చేతులు విరగ్గొట్టినా పోయేది," అన్నాడు.

"విరగ్గొడితే అన్నం నేను తినిపించాలి. లేవండి."

దివాలా వ్యవహారాలు చూసే అధికారిని రిసీవరు అంటారు. ఆయన కారు చూడటానికి స్కూలు గదికి వచ్చాడు. కళ్ళజోడుకి తాడు కట్టి మెళ్ళో వేసుకునే మనిషి, తొందర లేనివాడు. తలుపుల మీది అక్షరాలు చీమలంత వాటితో సహా పూర్తిగా చదివాడు. తర్వాత పక్క సీట్లో కూర్చున్నాడు. కాలికి ఏదో తగిలింది.

"ఇదేంటమ్మా ఇక్కడ?"

"నా ఉద్యోగం సార్."

ఆయన ఒకసారి తొక్కి చూసి, మీసంలో నవ్వుకున్నాడు. కానీ నవ్వుతో కేసు తేలదు. "బండి దేనికి వాడుతున్నారో కనిపిస్తూనే ఉంది. కొన్న డబ్బు ఎక్కడిదో కదా ప్రశ్న. బ్యాంకులో మీరు వేసింది నగదు. షాపు గల్లాలోంచి రాలేదని ఎలా నమ్మాలి?"

"మనుషులిచ్చారు సార్. నేర్చుకునేవాళ్ళు."

"వాళ్ళు వచ్చి చెబుతారా?"

ఆవిడ మొదటిసారి తడబడింది. ఎవరికి వాళ్ళకు ఉద్యోగాలున్నాయి, పిల్లలున్నారు. మీ పని మానుకుని వచ్చి నా గురించి చెప్పండి అని అడగడం ఆవిడకు చేతకాదు. పైగా డబ్బిచ్చినవాళ్ళలో ఒకరి సంగతి ఆవిడ ఒక్కదానికే తెలుసు. ఆ సాయంత్రం లాయరమ్మ పేర్లు అడుగుతుంటే చెప్పుకుంటూ వచ్చి, ఒకచోట ఆగిపోయింది.

"ఇంకొకళ్ళున్నారు గానీ, పిలవద్దు."

"ఎవరక్కా?"

"షావుకారుగారి కోడలు."

లాయరమ్మ కుర్చీలోంచి లేచింది. "ఆ అమ్మాయి ఒక్కతి చాలు అక్కా, ఆయన నోరు మూతపడటానికి!"

"అందుకే వద్దంటున్నా. పొద్దున్నే నడకకి వెళ్తున్నానని ఇంట్లో చెప్పి వచ్చి నేర్చుకుంది. ఆయనకి ఇప్పటికీ తెలియదు. నా కారు నిలబెట్టుకోవడానికి ఆ పిల్ల సంసారంలో నిప్పు పెట్టనా? మిగతావాళ్ళు వస్తే వస్తారు, లేకపోతే లేదు."

తలుపు దగ్గర నిలబడి వింటున్న ఫ్లెక్సీ చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

బాకీలు పడ్డప్పటి నుంచి వీధిలోకి రావడానికే జంకిన మనిషి. అవతల గట్టు మీద ఎవరైనా తెలిసినవాళ్ళు కనబడితే ఇవతల గోడ చాటుకి తప్పుకునే మనిషి. ఆ వారమంతా ఇంటింటికీ నడిచాడు. తలుపు తీసినవాళ్ళు మొదట, 'బాకీ కోసం వచ్చాడేమో, అప్పు అడుగుతాడేమో' అని తలుపు సగమే తీసేవాళ్ళు. ఆయన గుమ్మం దాటేవాడు కాదు. "నేను ఐపీ పెట్టానండీ. మీకు తెలిసే ఉంటుంది. నా గురించి ఏమీ అడగడానికి రాలేదు. మా ఆవిడ కారు మీ డబ్బుతో కొన్నది. ఆ మాట ఒక్కటి వచ్చి చెబుతారా?" అనేవాడు. అలా ఒక్కో గుమ్మంలో తన దివాలాను తనే చెప్పుకున్నాడు. షావుకారు ఇల్లున్న వీధిలోకి మాత్రం వెళ్ళలేదు. భార్య వద్దన్నది కదా.

ఈ సంగతి ఆవిడకు విచారణ రోజు దాకా తెలియదు.

విచారణ జరిగే ఆఫీసు ఒక పాత భవనం రెండో అంతస్తులో. పట్టుకుంటే ఊగే మెట్ల కమ్మీ, పొడుగాటి చెక్క బెంచీలు, తిరుగుతోందో లేదో చూసి తెలుసుకోవాల్సిన ఫ్యాను. ఇంకు షావుకారు ముందు బెంచీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఫ్లెక్సీ అక్కగారు కూడా వచ్చింది. ఎవరి తరఫునో ఆవిడకే తెలియాలి.

రిసీవరు ఆలస్యంగా, కాస్త రొప్పుతూ వచ్చాడు. "కింద ఏంటయ్యా ఇవాళ? నా బండి పెట్టడానికి చోటే లేదు!"

లాయరమ్మ కిటికీ వైపు చెయ్యి చూపించింది. అందరూ లేచి చూశారు.

వీధి పొడుగునా కార్లు. కొన్ని గట్టుకి ఆనించి ముచ్చటగా, కొన్ని ఏటవాలుగా. ఒకటి పాపం రెండు చక్రాలు కాలిబాట మీద, రెండు రోడ్డు మీద. ఎవరి కారు వాళ్ళే నడుపుకుంటూ వచ్చారు. మెట్ల మీద అడుగుల చప్పుడు మొదలైంది. రాత్రి డ్యూటీ దిగి అలాగే వచ్చిన నర్సు, స్కూలుకి సెలవు పెట్టిన టీచర్లు, కర్ర పట్టుకుని పోస్ట్‌మ్యాన్ తాతగారు. గది నిండిపోయింది.

బ్రేకమ్మ భర్త వైపు చూసింది. ఆయన ఫ్యాను వైపు చూశాడు.

"చెప్పండి," అన్నాడు రిసీవరు.

"ఆ కారు కొనకముందే ఫీజు మొత్తం ఇచ్చానండీ. ముందు చక్రం ఒకటి నాదే అనుకోండి," అంది నర్సు.

"చక్రం నాది," అంది టీచరు. "నీకంటే వారం ముందిచ్చాను."

"అమ్మా, చక్రాలు మీరు మీరు పంచుకోండి, స్టీరింగు నాది," అన్నాడు తాతగారు. "ఈ వయసులో నాకెవరు నేర్పుతారని అందరూ నవ్వారు. ఈ అమ్మాయి నవ్వలేదు. మూడుసార్లు పరీక్ష తప్పాను సార్. నాలుగోసారి ఫీజు తీసుకోలేదు."

"హారన్ ఎవరిది?" అని రిసీవరు అడిగితే గది ఘొల్లుమంది. షావుకారు నవ్వలేదు.

"వీళ్ళందరూ ఆవిడ మనుషులు సార్. నా డబ్బు పోయింది. నాకు కడుపు మండదా? అభిమానం కొద్దీ వీళ్ళు ఏమైనా చెబుతారు. ఒక్కళ్ళు, సంబంధం లేనివాళ్ళు ఒక్కళ్ళు చెప్పమనండి!"

అన్నదాంట్లో న్యాయం లేకపోలేదు. రిసీవరు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. లాయరమ్మ బ్రేకమ్మ మొహంలోకి చూసింది. ఆవిడ తల అడ్డంగా ఊపింది, వద్దని.

"నేను చెబుతాను మావయ్యగారూ."

గుమ్మంలో షావుకారు కోడలు నిలబడి ఉంది. చేతిలో కారు తాళాలు.

ఊళ్ళో ఇంతమంది దగ్గరికి ఫ్లెక్సీ నడిచాడంటే ఆ కబురు ఆయన వెళ్ళని వీధికి కూడా నడవకుండా ఉంటుందా? ఆమెకు తెలిసింది. తనను ఎవరూ పిలవలేదనీ తెలిసింది, ఎందుకు పిలవలేదో అర్థమైంది. అందుకే వచ్చిందట.

"నువ్వెందుకొచ్చావమ్మా ఇక్కడికి? ఎవరు దింపారు?" షావుకారు బెంచీలోంచి లేచాడు.

"ఎవరూ దింపలేదు. మన కారే. నేనే నడుపుకొచ్చాను."

"నువ్వు... కారు..."

"మూడేళ్ళయింది మావయ్యగారూ. మొన్న అత్తయ్యగారికి గుండెల్లో నొప్పొచ్చినప్పుడు ఆటో దొరికిందని చెప్పాను కదా. ఆటో దొరకలేదు." ఆమె రిసీవరు వైపు తిరిగింది. "ఆ కారు కొనకముందు ఫీజు నేనూ చేతికే ఇచ్చాను సార్. మా మావయ్యగారు నా పుట్టినరోజుకి ఇచ్చిన డబ్బే. అంటే ఆ కారులో షాపు డబ్బు లేదు గానీ, మా మావయ్యగారి డబ్బు మాత్రం ఉంది."

ఎవరూ నవ్వలేదు. షావుకారు అలాగే నిలబడి కోడలిని తల నుంచి పాదాల దాకా కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. భార్యను ఆసుపత్రికి చేర్చిన ఆటోవాడు మంచివాడని ఊరంతా చెప్పుకున్న మనిషి ఆయన.

"నిన్ను వీళ్ళెవరైనా పిలిచారా?" అని మెల్లగా అడిగాడు.

"పిలవద్దన్నారట. మీకు తెలిస్తే నాకు ఇబ్బందని."

ఆయన బెంచీ మీద కూర్చున్నాడు. జేబురుమాలు తీశాడు, మళ్ళీ పెట్టేశాడు. "నా అభ్యంతరం తీసేసుకుంటున్నాను సార్," అన్నాడు. ఆ తర్వాత బ్రేకమ్మతో, "నా బాకీ మీద నాకు కోపం పోలేదమ్మా," అన్నాడు.

"పోనక్కర్లేదండీ. అది న్యాయమైన కోపం," అంది ఆవిడ.

రిసీవరు అక్కడికక్కడే రాయించాడు. పిటిషన్ భర్త ఒక్కడిదే. షాపులో ఉన్నవి అప్పులవాళ్ళకు చెందుతాయి. యంత్రం లోనులో మిగిలినదానికి భార్య ఇచ్చిన ష్యూరిటీ అలాగే ఉంటుంది. కారు ఆమె సొంత సంపాదనతో కొన్నది, భర్త ఆస్తి కాదు. రాయించడం అయ్యాక ఆవిడను అడిగాడు, "ఆ లోను సంగతి తెలుసుగా? అది మీరు కట్టాల్సిందే."

"కడతాను సార్," అంది ఆవిడ. ఆ మాట అంటున్నప్పుడు గర్వంగా, బహుమతి అందుకుంటున్నట్టు ఉందని నాతో చెప్పింది. కట్టింది కూడా. కొన్నేళ్ళు పట్టింది. ఆఖరి వాయిదా నాటికి స్కూలుకి రెండో కారు వచ్చింది. ఫ్లెక్సీ ఇప్పుడు వేరేవాళ్ళ ముద్రణ షాపులో జీతానికి పనిచేస్తున్నాడు. జీతమంటే ఆయనకి భలే ఇష్టం. నెలాఖరుకి ఎవరి వెంటా పడకుండా డబ్బు దానంతట అదే వస్తుందని ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటాడు.

ఆ రోజు మెట్లు దిగుతుంటే ఆడపడుచు మరదలి పక్కకు చేరింది.

"ఒడ్డున నిలబడటం అంటే ఇదన్నమాట. నాతో ముందే సరిగ్గా చెప్పి ఉండాల్సింది అమ్మాయ్."

"చెప్పాను వదినగారూ. మీరు నా జుట్టు దగ్గర ఆగిపోయారు."

కిందికి వచ్చి చూస్తే అసలు తమాషా. అంతమంది కొత్త డ్రైవర్లూ ఒకేసారి బయల్దేరబోయి వీధిని బిగించేశారు. ఎవరూ ముందుకు పోలేరు, వెనక్కి రాలేరు. హారన్ల మోత. తాతగారు కిటికీలోంచి కర్ర బయటపెట్టి ఎవరినో అదిలిస్తున్నాడు.

బ్రేకమ్మ చీర కొంగు బొడ్లో దోపి రోడ్డు మధ్యకు వెళ్ళి నిలబడింది. "ఏమండీ, మీరు ఆ చివర నిలబడి వచ్చేవాళ్ళని ఆపండి," అని భర్తకు కేకేసింది. ఎదురుపడితే తప్పుకుంటూ తిరిగిన మనిషి నాలుగు రోడ్ల కూడలిలో రెండు చేతులూ చాపి బస్సును ఆపేశాడు. "అయ్యా, ఒక్క నిమిషం! మా ఆవిడ స్టూడెంట్లు!" అని అరిచాడు.

"టీచరమ్మా, రివర్స్. నిదానం. కుడికి తిప్పండి, ఇంకా, ఇంకా, చాలు. తాతగారూ, మీ వంతు కాదు. కర్ర లోపల పెట్టండి."

షావుకారు కోడలి కారు ముందుకొచ్చింది. వెనక సీట్లో షావుకారు, పైన ఉన్న పిడి రెండు చేతులతో పట్టుకుని. కారు బ్రేకమ్మ పక్కగా వచ్చినప్పుడు అద్దం దింపాడు.

"బాగానే తోలుతోంది," అన్నాడు, ఎటో చూస్తూ.

"మీ కోడలు గోడకి ఒక్కసారి కూడా కొట్టలేదండీ."

"మా ఇంటి గేటుకి గీత ఉంది. అది..."

"అది నేనే మావయ్యగారూ," అంది కోడలు, గేరు మారుస్తూ.

ఒక్కొక్కటే కదిలాయి. వీధి ఖాళీ అయింది. లాయరమ్మ కారు మాత్రం కదలడం లేదు. ఇంజను మూలుగుతోంది, ఆమె మొహం కందిపోయింది. కేసు గెలిచిన మనిషి కళ్ళల్లో నీళ్ళు.

బ్రేకమ్మ వెళ్ళి కిటికీలో తల పెట్టింది.

"హ్యాండ్ బ్రేకు దించండి లాయరమ్మా."